ఏ రోజు, ఏ సంచిలో? జపాన్‌లో చెత్త గురించి మన ఇళ్ల సందేహాలు

పిల్లలు జపాన్‌లో ఉద్యోగాలకు వెళ్లిన ఇళ్ల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి: చెత్త ఎలా వేరుచేయాలి? అక్కడి ఆఫీసులు ఇచ్చే పట్టికలు వివరంగానే ఉంటాయి. వాటిలో మన వంటింటి సామాను మాత్రం ఉండదు. చింతపండు పిప్పి, ఆవకాయ సీసా, వెట్ గ్రైండర్ రాయి ఏ గడిలోకి వస్తాయో ఎవరూ అచ్చువేయలేదు. అందుకే ఏది ఎక్కడ వేయాలో చెప్పడంతో పాటు, ఆ సంచి వాకిలి దాటాక దానికి ఏమవుతుందో కూడా రాస్తున్నాం. అది తెలిస్తే పట్టికలో లేని వస్తువుకు కూడా దారి దొరుకుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి టోక్యోలో ఉంటాడు, వాడి స్నేహితుడు పక్కనే యొకొహామాలో. ఒక చిన్న ప్లాస్టిక్ స్టూలు పారేయాలంటే ఒకడు డబ్బు కట్టాలంటాడు, ఇంకొకడు అక్కర్లేదంటాడు. ఎవరి మాట నిజం?
(ఒక తల్లి, ఆదోని)

జవాబు: ఇద్దరిదీ నిజమేనమ్మా. 1970 నాటి చట్టం ప్రకారం జపాన్‌లో ఇంటి చెత్త బాధ్యత ఆ ఊరి పురపాలికది. నియమాలూ ఆ ఊరివే. టోక్యోలోని 23 వార్డుల్లో కూడా ఏ వార్డు పద్ధతి ఆ వార్డుదే. ఆ స్టూలు ఎత్తు 40 సెం.మీ. అనుకోండి. టోక్యో వార్డుల్లో ఏదో ఒక వైపు సుమారు 30 సెం.మీ. దాటినా అది ‘సొదాయ్ గోమి’, అంటే పెద్ద చెత్త. ముందుగా చెప్పి, రుసుము కట్టి పారేయాలి. యొకొహామాలో లోహపు వస్తువులకు హద్దు 30 సెం.మీ., మిగతావాటికి 50 సెం.మీ. కాబట్టి అదే స్టూలు అక్కడ మామూలు రోజున రుసుము లేకుండా పోతుంది.

సంచుల సంగతీ ఇంతే. క్యోటోలో 2006 అక్టోబరు నుంచి కాలే చెత్తకు నగరం నిర్ణయించిన పసుపు సంచే వాడాలి. 45 లీటర్ల సంచి 45 యెన్లు. చెత్త ఎత్తే రుసుము ఆ ధరలోనే కలిసి ఉంటుంది. నగోయాలో కాలే చెత్త సంచి మీద ఎర్ర అచ్చు, కాలనిదాని మీద ఆకుపచ్చ, తిరిగి వాడే వాటి మీద నీలం ఉంటాయి. టోక్యో వార్డుల్లో ప్రత్యేకమైన సంచి లేదు, లోపలిది బయటికి కనబడితే చాలు. ఎక్కువ ఊళ్లలో పొద్దున 8 గంటల లోపు చెత్త పెట్టాలి. ఫుకుఒకాలో మాత్రం పొద్దు కుంకాక, రాత్రి 12 లోపు పెట్టాలి, ఎందుకంటే అక్కడ బండి రాత్రిపూట తిరుగుతుంది. షికోకు దీవిలో కమికత్సు అనే చిన్న ఊరుంది. అక్కడ చెత్తను 40కి పైగా రకాలుగా వేరుచేసి జనమే స్వయంగా కేంద్రానికి తీసుకెళ్లి వేస్తారు.

అందుకని మీ అబ్బాయి స్నేహితుల మాట పక్కనపెట్టి తన చిరునామాకు చెందిన కాగితం సంపాదించాలి. కొత్త ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు వార్డు ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవడం ఎలాగూ తప్పనిసరి. ఆ రోజే అక్కడ ‘గోమి నో దషికతా’ కావాలని అడగాలి. చెత్త బయట పెట్టే పద్ధతి ఉన్న పుస్తకం అది. చాలా చోట్ల ఇంగ్లిష్‌లో, కొన్నిచోట్ల నేపాలీలో కూడా దొరుకుతుంది. దాంతోపాటు ఆ పేటకు సంబంధించిన చెత్త క్యాలెండరు కూడా తీసుకోవాలి. ఒకే వార్డులో రెండు వీధుల అవతల రోజులు మారిపోతాయి. అపార్ట్‌మెంటుకు సొంత చెత్త గది ఉంటే దాని తలుపు మీద అంటించిన నియమాలు కూడా చదవాలి.

ప్రశ్న: మా అనంతపురంలో ఆకుపచ్చ, నీలం, ఎరుపు అని మూడు డబ్బాలిచ్చారు. తడిది ఒకటి, పొడిది ఒకటి, ప్రమాదకరమైనది ఒకటి. జపాన్‌లోనూ తడి, పొడి అనుకుంటే సరిపోదా? పెళ్లయి త్వరలో అక్కడికి వెళ్తున్నాను.
(ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: సరిపోదమ్మా. కొత్తగా వెళ్లినవాళ్లు చేసే మొదటి తప్పు అదే. మన దగ్గర తడి చెత్తను ఎరువు చేయాలన్నది లక్ష్యం, అందుకని తడి, పొడి అని విడదీస్తాం. జపాన్‌లో ఇంటి చెత్తలో ఎక్కువ భాగాన్ని కొలిమిలో కాల్చేస్తారు. కాబట్టి అక్కడ వేసుకోవలసిన మొదటి ప్రశ్న ‘ఇది కాలుతుందా?’ అనేది. కూరగాయల తొక్కలు, నూనె అంటిన కాగితం, వాడిన టిష్యూలు, విరిగిన చెక్క గరిటె అన్నీ ఒకే సంచిలోకి వెళ్తాయి. అదే ‘మోయెరు గోమి’, కాలే చెత్త. దీనికి సాధారణంగా వారానికి రెండు రోజులు.

చిన్న లోహపు సామాను, పింగాణీ, పగిలిన గాజు ‘మోయెనాయ్ గోమి’, కాలని చెత్త. ఇవి నెలకు ఒకటి రెండు సార్లే తీసుకెళ్తారు. ఆ రోజు మరిచిపోతే మళ్లీ రెండు వారాలో నెలో ఇంట్లోనే పెట్టుకోవాలి. సీసాలు, రేకు డబ్బాలు, పెట్ బాటిళ్లు (నీళ్లు, పానీయాలు వచ్చే ప్లాస్టిక్ సీసాలు), కాగితం, అట్టపెట్టెలు ‘షిగెన్ గోమి’, తిరిగి వాడుకునేవి. వీటికి తరచు వారానికో రోజు. నాలుగోది పైన చెప్పిన పెద్ద చెత్త. ఇవి కాక ప్లాస్టిక్ ప్యాకింగుకు విడిగా ఒక రోజు చాలా ఊళ్లలో ఉంటుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే అక్కడ పూడ్చడానికి నేల లేదు. 1971లో టోక్యో గవర్నరు మినొబె రియొకిచి ‘చెత్త యుద్ధం’ ప్రకటించారు. నగరం చెత్తంతా తమ వీధుల మీదుగా సముద్రపు ఒడ్డు పూడిక దిబ్బకు పోతోందని కొతొ వార్డు జనం తిరగబడ్డారు. కొలిమి మా దగ్గర వద్దని సుగినమి వార్డు వాళ్లు అడ్డుపడ్డారు. ఎవరి చెత్త వాళ్ల దగ్గరే కాల్చాలన్న ఆలోచన ఆ గొడవల నుంచే బలపడింది. తరవాత 1990ల్లో డయాక్సిన్ విషాల భయం వచ్చింది. అవి పుట్టకుండా కొలిమిని 800 డిగ్రీలకు పైన ఉంచాలి. తడిసిన చెత్త ఆ వేడిని లాగేస్తుంది, రేకు డబ్బా కాలకుండా బూడిదలో మిగులుతుంది. ఇవి మనసులో ఉంటే చాలా నియమాలు వాటంతట అవే అర్థమవుతాయి.

ఒక జాగ్రత్త. టోక్యో వార్డుల్లో 2008లో ప్లాస్టిక్‌ను కాలే చెత్తలోకి మార్చారు. 2022లో ప్లాస్టిక్ మీద కొత్త చట్టం అమలయ్యాక ఒక్కో వార్డు మళ్లీ విడిగా తీసుకోవడం మొదలుపెట్టింది. పాతికేళ్లుగా అక్కడున్న బంధువు చెప్పే మాట కూడా పాతబడి ఉండొచ్చు. ఈ ఏటి క్యాలెండరే చూడండి.

ప్రశ్న: కోడలు ఫోన్ చేసినప్పుడల్లా వంటింటి వాసన గురించే బాధపడుతుంది. నాటుకోడి వండిన మరునాడు ఇంట్లో నిలబడలేకపోతున్నామంటుంది. బజ్జీలు కాల్చిన చెనిక్కాయల నూనె సింకులో పోయొద్దన్నారట, మరి ఎక్కడ పోయాలి? కాకులు సంచి చించేస్తున్నాయని పక్కింటివాళ్లు చెప్పారట.
(ఒక అత్తగారు, ప్రొద్దుటూరు)

జవాబు: మూడూ పెద్ద సమస్యలే, మూడింటికీ సులువైన పద్ధతులున్నాయి.

వాసనకు మూలం నీళ్లు. వంటింటి చెత్తలో దాదాపు 80 శాతం నీళ్లే. సింకు గిన్నెలో వేసే సన్నటి వల సంచులు అక్కడ ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. చింతపండు పిప్పి, కడిగిన బియ్యపు నూకలు, టీ పొడి అందులో పడ్డాక రాత్రంతా కారనిచ్చి, పొద్దున గట్టిగా పిండాలి. ఉల్లి, వెల్లుల్లి పొట్టు అసలు తడవనే కూడదు. కూరగాయలు కడగకముందే తొక్క తీసి ఒక కాగితం మీద వేస్తే అవి పొడిగానే ఉంటాయి. ఈ ఒక్క అలవాటుతో సంచి బరువు బాగా తగ్గుతుంది. మునక్కాడ పిప్పి, కరివేపాకు రెబ్బలు కూడా ఇందులోకే.

కోడి ఎముకలు, చేప పొట్ట, రొయ్య పొట్టు సంగతి వేరు. జపాన్ ఎండాకాలం మన సీమ ఎండలా పొడిగా ఉండదు, గాలిలో తేమ ఎక్కువ. జులై, ఆగస్టుల్లో ఒక్క పూటకే కుళ్లు పట్టుకుంటుంది. వాటిని పాత పేపర్లో రెండు మడతలుగా చుట్టి, చిన్న కవరులో కట్టి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. చెత్త బండి వచ్చే పొద్దున తీసి పెద్ద సంచిలో వేయాలి. తినే పదార్థాల పక్కన చెత్త పెట్టడమేంటని మొదట మనసు ఒప్పుకోదు. ఒక అర విడిగా కేటాయిస్తే చాలు. అక్కడి గృహిణులు కూడా చేసే పనే ఇది.

కాకి చెత్తను వాసన కంటే చూపుతో వెతుక్కుంటుంది. మాంసం పేపర్లో చుట్టడానికి అది రెండో కారణం: సంచి పారదర్శకంగా ఉన్నా లోపల ఎముక కనబడదు. సంచులు పెట్టే చోట ఒక వల ఉంటుంది. సంచిని దాని కిందికి పూర్తిగా తోసి అంచు కప్పాలి. చాలామంది వల మీద సంచి పడేసి పోతారు, చిరిగేది అదే. పొద్దున బండి వచ్చే ఊళ్లలో రాత్రే పెట్టేయడం కూడా తప్పు. పిల్లులు, కాకులతో పాటు ఎవరైనా నిప్పు పెడతారన్న భయం కూడా అక్కడ ఉంది.

ఇక నూనె. సింకులో పోస్తే చలికాలం గొట్టంలోనే గడ్డకడుతుంది. నెయ్యి, డాల్డా అయితే మరీ త్వరగా. అపార్ట్‌మెంటులో కింది ఇంటిదాకా ఆ నష్టం పోతుంది. దుకాణాల్లో నూనెను గడ్డకట్టించే పొడి పొట్లాలు అమ్ముతారు. సాధారణంగా ఒక పొట్లం 600 మి.లీ. నూనెకు సరిపోతుంది. పొయ్యి ఆపేసి, నూనె ఇంకా బాగా వేడిగా ఉన్నప్పుడే పొడి వేసి పూర్తిగా కరిగేదాకా కలపాలి. చల్లారిన నూనెలో వేస్తే కరగదు, అడుగున తెల్లగా నిలిచిపోతుంది. అలా అయితే కొంచెం వేడిచేసి మళ్లీ కలపాలి, దగ్గరే నిలబడి. గంట తరవాత జున్నులా గట్టిపడుతుంది. అట్లకాడతో ఎత్తి కవరులో వేసి కాలే చెత్తలో కలిపేయడమే. కొంచెం నూనె అయితే పాత పేపరు ముక్కలకో చింకి గుడ్డలకో పీల్పించి, వాటి మీద కాసిని నీళ్లు చల్లి కవరు కట్టాలి. నీళ్లు మరిచిపోవద్దు. నూనె పీల్చిన గుడ్డ గాలి తగిలి తనంతట తానే వేడెక్కుతుంది, ఎండాకాలం అంటుకునే ప్రమాదం కూడా ఉంది. కొన్ని పురపాలికలు వాడిన నూనెను సీసాలో పోసి ఇస్తే తీసుకుంటాయి. పుస్తకంలో ఆ ఏర్పాటు ఉంటే అదే అన్నిటికంటే మంచిది.

ప్రశ్న: మా అమ్మాయి పెట్టిన సంచిని వదిలేసి, దాని మీద ఎర్ర కాగితం అంటించి పోయారు. భయపడి రెండు రోజులు ఆ దారినే పోలేదట. ఏం చేయాలి?
(ఒక తండ్రి, గుంతకల్లు)

జవాబు: భయపడాల్సిందేమీ లేదండీ, కానీ సంచిని అక్కడే వదిలేయడం మాత్రం తప్పు. ఆ కాగితం మీద కారణం ఉంటుంది. అక్షరాలు రాకపోతే ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకోవచ్చు. సాధారణంగా నాలుగే కారణాలు: రోజు తప్పు, ఆ ఊరి సంచి కాదు, లోపల వేరే రకం కలిసింది, లేదా అది ముందుగా చెప్పి పారేయాల్సిన పెద్ద వస్తువు. సంచిని ఆ రోజే లోపలికి తెచ్చుకుని, విప్పి సరిచేసి, కాగితం తీసేసి, సరైన రోజున పెట్టాలి.

చాలా పేటల్లో ఆ చెత్త చోటును ఊడ్చేది, వల మడిచేది పురపాలిక సిబ్బంది కాదు. ఆ వీధి ఇళ్లవాళ్లే వంతులేసుకుని చేస్తారు. వదిలేసిన సంచిని చివరికి విప్పాల్సింది ఆ వారం వంతు వచ్చిన ఇంటివాళ్లు, ఒక్కోసారి డెబ్బై ఏళ్ల పెద్దావిడ. పక్కింటివాళ్ల కోపానికి అసలు కారణం ఇదే. మీ అమ్మాయి ఒక్కసారి వెళ్లి ‘సుమిమాసెన్’ (క్షమించండి) అని చెప్పి, తన వంతు కూడా ఎప్పుడో అడిగి తెలుసుకుంటే మనసులు కుదుటపడతాయి.

ప్రశ్న: ఇండియన్ స్టోర్‌లో కొన్న మసాలా ప్యాకెట్లు, ఆవకాయ సీసాలు, 10 కిలోల బియ్యం సంచి ఎందులో వేయాలి? వాటి మీద జపాన్ గుర్తులేవీ లేవు.
(ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: ముందు గుర్తుల సంగతి. అక్కడ అమ్మే ప్లాస్టిక్ ప్యాకింగు మీద రెండు బాణాలు చతురస్రంగా తిరిగి, మధ్యలో ‘పురా’ (ప్లాస్టిక్) అని రెండు అక్షరాలుంటాయి. పెట్ బాటిల్ మీద త్రికోణంలో 1 అంకె, రేకు డబ్బాల మీద అల్యూమినియమో స్టీలో తెలిపే గుర్తు ఉంటాయి. మన ప్యాకెట్ల మీద ఇవి లేకపోతే రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది ఏదైనా పోసి అమ్మిన ప్యాకింగేనా? కొద్దిగా కడిగితే శుభ్రపడుతుందా?

ధనియాల పొడి, రవ్వ, పప్పుల కవర్లు దులిపితే శుభ్రమైపోతాయి, ప్లాస్టిక్ రోజున వేయొచ్చు. లోపల వెండిలా మెరిసే పొర ఉన్నా చాలా చోట్ల ప్లాస్టిక్‌గానే తీసుకుంటారు. అక్కడి చిప్స్ ప్యాకెట్లూ అలాంటివే. పసుపు, కారం పొడి నూనెతో కలిసి అంటుకుపోయినవి, ఇడ్లీ పిండి ఎండిపోయిన కవర్లు కడిగి కడిగి నీళ్లు దండగ చేయకుండా కాలే చెత్తలో వేయండి. మురికిది ఒక్కటి చేరితే పక్కనున్న మంచి ప్లాస్టిక్ కూడా పనికిరాకుండా పోతుంది. బియ్యం సంచి ప్లాస్టిక్ నేతదైతే ఊరిని బట్టి మారుతుంది, గోనె అయితే కాలే చెత్తే. అంచుకు కుట్టిన దారం లాగేయండి.

పచ్చడి సీసా విషయం కొంచెం వివరంగా చెప్పాలి. ముందు లోపలి నూనెను పాత పేపరుతో తుడవాలి, తరవాత వేడినీళ్లు, సబ్బుతో కడగాలి. తుడవకుండా కడిగితే ఆ నూనె అంతా గొట్టంలోకే పోతుంది. మూత తీసేయాలి: రేకు మూత లోహపు సామానుతో, ప్లాస్టిక్ మూత ప్లాస్టిక్‌తో. కాగితపు లేబులు రాకపోయినా పరవాలేదు. సీసాలను తెల్లవి, గోధుమరంగువి, ఇతర రంగులు అని మూడుగా విడదీసే ఊళ్లున్నాయి.

అయితే గాజు అన్నంత మాత్రాన అన్నీ ‘బిన్’, అంటే సీసాలు, కావు. వేడికి తట్టుకునే బోరోసిల్ గిన్నెలు, మైక్రోవేవ్ పాత్రలు, తాగే గ్లాసులు, పింగాణీ జాడీలు సీసాల్లో కలపకూడదు. సీసాలను కరిగించి కొత్త సీసాలు చేసే కొలిమిలో వేడి తట్టుకునే గాజు కరగదు. గింజలా మిగిలి కొత్త సీసా గోడలో ఇరుక్కుంటుంది. ఆ సీసా అక్కడే పగులుతుంది. అందుకే అవి కాలని చెత్తలోకి. పగిలినవైతే మందపాటి కాగితంలో చుట్టి, పైన ‘కికెన్’ అని రాయాలి. ప్రమాదం అని అర్థం. ఆ మాట అక్కడి అక్షరాల్లో ఎలా రాయాలో పుస్తకంలోనే ఉంటుంది. సంచి ఎత్తే మనిషి చెయ్యి తెగకుండా చూసుకోవడం మన బాధ్యత.

ప్రశ్న: పెట్ బాటిల్ మూతతో సహా వేస్తే ఏమవుతుంది? నూనె బాటిల్ కూడా అదేనా?
(ఒక విద్యార్థి, తాడిపత్రి)

జవాబు: మూత, లేబులు వేరే రకం ప్లాస్టిక్. అవి తీసి, బాటిల్ కడిగి, ఊరి నియమాన్ని బట్టి నలిపి వేయాలి. త్రికోణం 1 గుర్తు నీళ్లు, పానీయాలు, సోయా సాస్ లాంటి వాటికే. వంటనూనె బాటిల్‌లో జిడ్డు పోదు గనక ఆ గుంపులోకి రాదు. అది ప్లాస్టిక్‌లోకి, జిడ్డు వదలకపోతే కాలే చెత్తలోకి.

ప్రశ్న: మా తమ్ముడు మార్చి ఆఖరుకు జపాన్ ఇల్లు ఖాళీ చేసి వస్తున్నాడు. వెట్ గ్రైండర్, మిక్సీ, కుక్కర్లు, వాషింగ్ మెషీన్, పరుపు ఉన్నాయి. మైకులో అరుస్తూ ఉచితంగా తీసుకెళ్తామనే చిన్న లారీకి ఇచ్చేస్తానంటున్నాడు. ఇవ్వొచ్చా?
(ఒక అక్క, కడప)

జవాబు: ఇవ్వనివ్వకండమ్మా. ఇంటి చెత్త సేకరించాలంటే ఆ పురపాలిక ఇచ్చిన ప్రత్యేక అనుమతి కావాలి. మైకుతో తిరిగే లారీల్లో చాలావాటికి అది ఉండదు. సామాను ఎక్కించాక ‘మోసినందుకు’ అని వేల యెన్లు అడగడం, తీసుకున్నది ఏ కొండ దారిలోనో పడేయడం అక్కడ తరచు వినబడే ఫిర్యాదులే. చట్టం ప్రకారం చెత్తను అక్రమంగా పడేస్తే 5 ఏళ్ల వరకు జైలు, కోటి యెన్ల వరకు జరిమానా ఉంటాయి.

మార్చి ఆఖరు అక్కడ ఇళ్లు మారే కాలం. పెద్ద చెత్తకు తేదీ దొరకడమే కష్టం. కనీసం నెల ముందు పురపాలిక పెద్ద చెత్త కేంద్రానికి ఫోన్‌లోనో వెబ్‌సైట్‌లోనో వస్తువు పేరు, కొలతలు చెప్పాలి. వాళ్లు తేదీ, రుసుము, ఒక సంఖ్య చెబుతారు. ఆ రుసుముకు సరిపడా స్టిక్కర్లు ‘కొంబిని’ అనే వీధి చివరి చిన్న దుకాణంలో కొనాలి. టోక్యో వార్డుల్లో ‘ఎ’ స్టిక్కరు 200 యెన్లు, ‘బి’ స్టిక్కరు 300 యెన్లు. పక్క వార్డు స్టిక్కరు ఇక్కడ చెల్లదు, కొనేముందు వార్డు పేరు చూసుకోవాలి. పేరో సంఖ్యో రాసి కనబడేలా అంటించి, చెప్పిన రోజు పొద్దున 8 లోపు చెప్పిన చోట పెట్టాలి. పరుపు ఈ దారినే పోతుంది.

వాషింగ్ మెషీన్ ఈ దారిలో పోదు. 2001 ఏప్రిల్ నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం ఏసీ, టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ నాలుగింటినీ పురపాలిక తీసుకోదు. కొన్న దుకాణానికి చెబితే వాళ్లు తీసుకోవాల్సిందే. ఆ దుకాణం దూరమైతే పోస్టాఫీసులో రీసైకిల్ రుసుము కట్టి, చీటీ అంటించి, నిర్ణీత చోటుకు చేర్చాలి. వాషింగ్ మెషీన్‌కు రెండున్నర వేల యెన్ల చుట్టుపక్కల రుసుము, మోసుకుపోవడానికి వేరే. పనిచేస్తున్న మెషీన్ అయితే కొత్తగా దిగే మన వాళ్లెవరికైనా ఇవ్వడమే అన్నిటికంటే చవక, మర్యాద కూడా.

మిక్సీ చిన్న విద్యుత్ సామాను. 2013 ఏప్రిల్ నుంచి వీటికి వేరే చట్టం ఉంది. వార్డు ఆఫీసుల్లో, పెద్ద దుకాణాల్లో పెట్టెలుంటాయి. చాలా పెట్టెల నోరు 30 సెం.మీ. పొడవు, 15 సెం.మీ. ఎత్తు. అందులో పట్టకపోతే కాలని చెత్తలోకి. కుక్కర్ కొలిచి చూడాలి. టోక్యోలో 30 సెం.మీ. లోపుంటే కాలని చెత్త, పిడితో కలిపి దాటితే అడిగి తెలుసుకోవాలి. మూతలోని రబ్బరు విడిగా తీయండి.

వెట్ గ్రైండర్‌లో చిక్కు దాని రాయి. రాళ్లు, మట్టి, ఇసుక చాలా పురపాలికలు అసలు తీసుకోవు. కాలవు, కరగవు, చెత్త నలిపే యంత్రాల పళ్లు విరుగుతాయి. అందుకని ఫోన్ చేసినప్పుడు ‘గ్రైండర్’ అని ఊరుకోకుండా లోపల గ్రానైట్ రాయి ఉందని, బరువు ఎంతో చెప్పాలి. తీసుకోబోమని వాళ్లంటే రాయిని విడదీసి ఎవరికి ఇవ్వాలో వాళ్లనే అడగాలి. మన కడప బండ ముక్క తీసుకెళ్లి చపాతీ పీట చేసుకున్నవాళ్లకు కూడా ఇదే సమస్య. అసలు ఇక్కడి నుంచి రాతి సామాను మోసుకెళ్లేముందే ఇది ఆలోచించడం మేలు.

ప్రశ్న: బ్యాటరీ సెల్లులు, పవర్ బ్యాంకు, దోమల స్ప్రే డబ్బా, గ్యాస్ క్యాన్లు ఎలా పారేయాలి?
(ఒక పాఠకుడు, జమ్మలమడుగు)

జవాబు: మామూలు సెల్లులు చాలా ఊళ్లలో విడిగా ఉండే ప్రమాదకర చెత్త రోజున, రెండు కొసలకూ టేపు అంటించి. బటన్ సెల్లులకు వాచీల దుకాణాల్లో, విద్యుత్ సామాను దుకాణాల్లో డబ్బాలుంటాయి. పవర్ బ్యాంకు, పాత ఫోన్ బ్యాటరీలు ఏ సంచిలోనూ వేయకూడదు. చెత్త బండి సంచులను నొక్కేటప్పుడు లిథియం బ్యాటరీ నలిగి, లోపలి పొరలు కలిసి, మంట లేస్తుంది. బండ్లు, చెత్త కేంద్రాలు తగలబడిన ఘటనలు అక్కడ ఎన్నో. దుకాణంలోని సేకరణ పెట్టెలో గానీ పురపాలిక చెప్పిన చోట గానీ ఇవ్వాలి. ఉబ్బిన బ్యాటరీ అయితే ముందు ఫోన్ చేసి అడగాలి.

స్ప్రే డబ్బాను, గ్యాస్ క్యాన్‌ను చివరిదాకా వాడి ఖాళీ చేయాలి. కన్నం పెట్టాలో వద్దో ఊరిని బట్టి మారుతుంది, ఇప్పుడు వద్దనే ఊళ్లే ఎక్కువ. మిగిలిన గ్యాసును ఇంట్లో వదిలేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. 2018 డిసెంబరులో సప్పొరోలో వందకు పైగా స్ప్రే డబ్బాలను ఒక గదిలో ఖాళీ చేశాక, నీళ్ల హీటరు వేయగానే భవనమే పేలిపోయింది.

ప్రశ్న: పూజ పూలు, కొబ్బరి చిప్పలు, వినాయకుడి మట్టి విగ్రహం చెత్తలో వేయాలంటే మనసొప్పదు. ఏట్లో కలపొచ్చా? భోగి మంట వేసుకోవచ్చా?
(ఒక గృహిణి, మైదుకూరు)

జవాబు: ఏట్లో, సముద్రంలో వేయకూడదమ్మా, అది అక్రమంగా చెత్త పడేయడం కిందికే వస్తుంది. పూలు, ఆకులు, అగరొత్తుల పుల్లలు కాలే చెత్తే. మనసు ఒప్పకపోతే శుభ్రమైన తెల్ల కాగితంలో విడిగా చుట్టి వేయండి. అక్కడివాళ్లు కూడా గుడి తాయెత్తులు, ఇంటి అలంకారాలు అలాగే గౌరవంగా పంపుతారు. కొబ్బరి పీచు, చిప్ప కాలే చెత్త. చిప్పను చిన్న ముక్కలు చేయండి. ప్రమిదలో మిగిలిన నూనెను కాగితంతో తుడిచాక కాల్చిన మట్టి ప్రమిద కాలని చెత్తలోకి.

మట్టి వినాయకుడితో చిక్కు ఉంది, మట్టిని తీసుకోరు కదా. పసుపు ముద్దతోనో బియ్యప్పిండితోనో చిన్న విగ్రహం చేసుకుంటే బకెట్‌లో నిమజ్జనం చేసి, వడకట్టిన ముద్దను కాలే చెత్తలో వేయొచ్చు. మట్టిదే కావాలంటే కరిగిన మట్టిని సొంత పూలకుండీలో కలుపుకోవాలి.

బహిరంగంగా చెత్త కాల్చడం 2001 నుంచి నేరం. సంప్రదాయ వేడుకలకు మినహాయింపు ఉన్నా, ఇళ్ల మధ్య పొగ లేస్తే ఫిర్యాదు వస్తుంది, ఆపాల్సి వస్తుంది. అయితే జనవరి 15 ప్రాంతంలో అక్కడి గుళ్లలో ‘దొందోయకి’ అనే మంట వేసి కొత్త సంవత్సరపు అలంకారాలు కాలుస్తారు. సరిగ్గా మన సంక్రాంతి రోజులే. దగ్గర్లోని గుడిలో ఎప్పుడో కనుక్కుని పిల్లల్ని తీసుకెళ్లండి. మీ ఇంటి పాత సామాను మాత్రం అందులో వేయకండి.

ప్రశ్న: అమ్మాయి పురుటికి మూడు నెలలు వెళ్తున్నాను. డైపర్లు ఎందులో? నాకు జపనీస్ రాదు, అడగాలంటే ఏమనాలి?
(ఒక అమ్మమ్మ, కర్నూలు)

జవాబు: డైపర్‌లోని మలాన్ని టాయిలెట్‌లో దులిపేసి, డైపర్‌ను లోపలికి చుట్టి, దాని టేపుతోనే అంటించి, చిన్న కవరులో కట్టి కాలే చెత్తలో వేయాలి. అట్టపెట్టెలు చాలా వస్తాయి కదా, టేపు తీసి, విప్పి చదును చేసి, పురికొసతో అడ్డంగా నిలువుగా కట్టాలి. పాలడబ్బా రేకుదైతే కడిగి రేకు డబ్బాల రోజున.

వస్తువు చేత్తో చూపించి ‘కొరె వా నాని గోమి దెస్ కా?’ అనండి. ఇది ఏ చెత్త అని అర్థం. ‘ఇత్సు దషిమాస్ కా?’ అంటే ఎప్పుడు పెట్టాలి అని. జవాబులో ‘గెత్సు’ వినబడితే సోమవారం, ‘క’ మంగళ, ‘సుయి’ బుధ, ‘మొకు’ గురు, ‘కిన్’ శుక్ర, ‘దో’ శనివారం. క్యాలెండరు, పెన్ను చేతికిస్తే వాళ్లే సున్నా చుట్టి ఇస్తారు.